రాజమండ్రి ఒక్కరోజులో అవుతుందా? పాత రాజధాని ఎక్కడుంది?

అడిగిన అమ్మాయి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాది అమలాపురం పక్క ఊరు. పెళ్లయి నాలుగేళ్లు. బాబుని మా అమ్మ దగ్గర వదిలి, మా వారూ నేనూ ఒక్కరోజు రాజమండ్రి వెళ్లొద్దామనుకుంటున్నాం. షాపింగులకి కాదు, రాజరాజ నరేంద్రుడి నాటి ఊరు చూడాలని. ప్యాకేజీలూ గైడులూ వద్దు. బండి మీద వెళ్లాలా, బస్సులోనా? పాపికొండలు కూడా కలుస్తాయా? రాత్రి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి."

ముందు సమాధానం చెప్పేస్తానమ్మా. ఒక్కరోజు చాలు. పాపికొండలు మాత్రం కలపొద్దు. లాంచీ ప్రయాణానికి దానికదే ఓ పూర్తి రోజు కావాలి. బండి మీదే వెళ్లండి. పొద్దున జొన్నాడ మీదుగా చకచకా చేరిపోండి, సాయంత్రం ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా తీరిగ్గా రండి. ఊళ్లో మాత్రం బండి ఓ చోట పెట్టేసి నడవండి. పుష్కర ఘాట్, కోటగుమ్మం, మెయిన్ రోడ్డు మసీదు, మ్యూజియం, ఈ నాలుగే మీ రోజు. మిగతావి కుదిరితే సరి, కుదరకపోతే పోనీ.

నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. చాలా ఏళ్లుగా ఉండేది రాజమండ్రిలోనే. పాత శిష్యులు కొత్త పెళ్లాలతో, మొగుళ్లతో వస్తే ఊరు తిప్పే పని నాదే. కాబట్టి మీరు ఎక్కడ నిరాశపడతారో ముందే చెప్పగలను: కోట కనబడదు. రాజమహేంద్రవరం అనగానే హంపిలాగో గోల్కొండలాగో ఊహించుకుని వస్తారు. ఇక్కడ అలాంటి గోడలూ లేవు, సింహద్వారమూ లేదు.

పెళ్లయిన కొత్తలో మా ఆవిణ్ణి కోట చూపిస్తానని తీసుకెళ్లాను. మే నెల, పట్టుచీర, కొత్త చెప్పులు. కోటగుమ్మం దగ్గర రిక్షా దింపి "ఇదే" అన్నాను. అటు చూసింది, ఇటు చూసింది. ఓ పక్క చెప్పుల కొట్టు, ఇంకో పక్క బట్టల కొట్టు, మధ్యలో ట్రాఫిక్ కానిస్టేబులు. "ఏదండీ కోట?" అంది. "నువ్వు నిలబడ్డదే" అన్నాను, పెద్ద తెలివైన మాట అన్నట్టు. రోజ్ మిల్క్ తాగేదాకా నాతో మాట్లాడలేదు.

కానీ ఆ మాట నిజమేనమ్మా. కోటగుమ్మం అంటే కోట వాకిలి. అక్కడికి దగ్గర్లోనే కందకం రోడ్డు ఉంది. కోట పోయింది, గుమ్మం పోయింది, కందకం పూడిపోయింది, పేర్లు మాత్రం ఆటోవాళ్ల నోట్లో మిగిలాయి. "కందకం రోడ్డుకి ఎంతయ్యా?" అని అడిగేవాళ్లలో అక్కడ నిజంగా కందకం ఉండేదని తలుచుకునేది ఎందరు?

ఎందుకు మిగల్లేదంటే మొదటి కారణం, కోటలో ఎక్కువ భాగం మట్టిది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడి పారిపోయి వచ్చింది ఈ ఊరికే. అప్పటికి ఇక్కడున్నది మట్టికోటేనని ఆనాటి ఇంగ్లీషు రాతల్లోనే ఉంది. రెండోది, ఈ ఊరు ఎన్నడూ పాడుబడలేదు. హంపి పాడుబడింది గనకే మిగిలింది. ఇక్కడ వెయ్యేళ్లుగా జనం కాపురం చేస్తూనే ఉన్నారు. పాత గోడ కూలితే ఆ ఇటుక కొత్త గోడలోకి పోతుంది. మన ఊళ్లో తాతల నాటి మండువా ఇల్లు విప్పి ఆ టేకు దూలాలతో డాబా తలుపులు చేయించుకోమూ, అలాగే. మూడోది, చేతులు మారడం. చాళుక్యులు, చోళులు, కాకతీయులు, తుగ్లకులు, రెడ్లు, గజపతులు, కొన్నాళ్లు కృష్ణదేవరాయల సేన, ఆ తర్వాత 1570ల నుంచి గోల్కొండవాళ్లు, ఫ్రెంచి, ఇంగ్లీషు. వచ్చిన ప్రతివాడూ ఉన్నదాని మీదే కట్టాడు.

అందుకని రాజమండ్రిలో మధ్యయుగాన్ని భవనాల్లో కాదు, రాళ్ల మీది రాతల్లో, వీధుల పేర్లలో, నది ఒడ్డు ఎత్తులో చూడాలి. అలా చూస్తే ఒక్కరోజు నిజంగా సరిపోతుంది.

మీ ఊరి నుంచే మొదలుపెట్టండి. ఇది ఎవరూ చెప్పరు. అంబాజీపేట పక్కన నందంపూడి ఉంది కదా, మీకు తెలియని ఊరేమీ కాదు. రాజరాజ నరేంద్రుడు ఆ ఊరిని నారాయణభట్టుకి దానంగా ఇచ్చాడు. నన్నయకి భారత రచనలో తోడు నిలిచిన పండితుడే ఆ నారాయణభట్టు. రాజు ఏలుబడి 32వ ఏట, అంటే 1053లో, ఆ దానశాసనం రాసింది స్వయానా నన్నయే. నారాయణభట్టుకి సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచికం, ఆంధ్రం వచ్చని అందులో పొగిడాడు. అంటే తెలుగులో మొదటి మహాకావ్యం మొదలైన రాజధానికీ మీ కొబ్బరితోటలకీ మధ్య వెయ్యేళ్లనాటి దస్తావేజు ఒకటుంది. పొద్దున బయల్దేరేటప్పుడు ఈ సంగతి మీవారి చెవిన వేయండి, దారంతా కబుర్లకి సరిపోతుంది.

రాజు గురించి రెండు ముక్కలు. రాజరాజ నరేంద్రుడు తూర్పు చాళుక్యుడు, 1022లో పట్టాభిషిక్తుడై 1061 దాకా ఏలాడు. మధ్యమధ్య దాయాదితో పేచీలే, గద్దె ఒకసారి ఉండీ ఒకసారి ఊడీ. తల్లి కుందవ, తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. భార్య అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు, వరసకి మేనమామ కూతురే. మన గోదావరి సంబంధాలు అప్పుడూ అంతే! వాళ్ల కొడుకే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. ఊరి పేరు మాత్రం ఈయన ఒక్కడి నుంచే వచ్చిందనుకోవద్దు. "రాజమహేంద్ర" బిరుదు ఈయనకన్నా ముందు ఇదే వంశపు అమ్మరాజులకీ ఉంది.

ఈ మధ్య సారంగధరుడి కథ తెలుసుకుని సారంగధర మెట్ట చూడాలని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. సవతితల్లి చిత్రాంగి నింద, కాళ్లూ చేతులూ నరికించడం, ఆ కథే. నాటకంగా గొప్పది. కానీ ఈ రాజు శాసనాల్లో చిత్రాంగీ లేదు, సారంగధరుడూ లేడు. ఉన్నది అమ్మంగదేవి, చోళరాజైన కొడుకు. కథ మొదట్లో వేరేచోటిది, తర్వాత ఈ రాజు మెడకి చుట్టుకుంది. మెట్ట ఎక్కాలనిపిస్తే ఎక్కండి, కాదనను. మీకున్న టైములో అయితే నేను ఎక్కను.

ఇక రోజు. పొద్దున ఆరింటికి బయల్దేరితే రావులపాలెంలో టిఫిన్ చేసుకుని ఎనిమిదిన్నరకి రాజమండ్రిలో ఉంటారు. 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంతే. వంతెన దాటాక హైవే మీద లారీలుంటాయి, తొందరపడొద్దు.

బండి వద్దనుకుంటే బస్సు కూడా మంచిదే. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి ఉచితం కాబట్టి మీకు డబ్బులక్కర్లేదు, మీవారికి మాత్రం టికెట్ కొట్టించుకోవాలి. కానీ బస్సెక్కితే సాయంత్రం బ్యారేజీ దారి పోతుంది. అందుకే బండి అన్నాను.

నేరుగా పుష్కర ఘాట్‌కి పోండి. మెట్ల మీద ఓ పావుగంట కూర్చోండి. ఎదురుగా నీళ్లు, ఒకటి వెనక ఒకటి వంతెనలు. 1900లో రైళ్లు మొదలై 1997 దాకా పనిచేసిన హేవలాక్ వంతెన, ఆ తర్వాత వచ్చిన విల్లుల వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన. అవి అందరూ చూసేవే. మీరు చూడాల్సింది వెనక్కి తిరిగి. మెట్లెక్కి ఊళ్లోకి నడుస్తుంటే ఒడ్డు ఎత్తు తెలుస్తుంది, మోకాళ్లకి ముందు తెలుస్తుంది. చాళుక్యుల రాజధాని పెదవేగి (అప్పటి వేంగి) వైపు నుంచి ఇక్కడికి ఎందుకు మారిందో నాకు ఆ ఎత్తులోనే అర్థమవుతుంది. ఇక్కడిదాకా వచ్చాకే గోదావరి పాయలుగా చీలుతుంది. దిగువన మన లంకలన్నీ వరదలో మునిగినా ఈ మెట్టలు మునగవు. పైనుంచి వచ్చే పడవా, సముద్రం వైపు పోయే పడవా, రెండూ కళ్లముందు నుంచే పోవాలి. నన్నయ ఈ ఊరిని వేంగీదేశపు హారానికి నాయకమణి అన్నాడు. కవి పొగడ్తే అనుకోండి, కానీ పటం చూస్తే మణి ఉన్న చోటు సరిగ్గా హారం నడిమధ్యే.

రేవు నుంచి కోటగుమ్మం పదిహేను నిమిషాల్లోపు నడక. దారిలో మార్కండేయస్వామి గుడి ఉంది, దణ్ణం పెట్టుకోండి. కోటగుమ్మం దగ్గర మా ఆవిడలా వెతక్కండి.

అక్కడి నుంచి మెయిన్ రోడ్డు మీద పాత మసీదు. దీన్ని చాలామంది జాబితాలో వేసుకోరు, నేను మాత్రం తప్పకుండా చూడమంటాను. 1323లో ఓరుగల్లు పడింది. ఏడాది తిరిగేసరికి, 1324లో, ఢిల్లీ సేనాని సాలార్ ఉల్వీ ఇక్కడ మసీదు కట్టించాడని వాకిలి మీది పారశీక శాసనం చెబుతోంది. తేదీతో సహా మధ్యయుగపు ముక్క ఒకటి, బజారు నడిబొడ్డున, ఇంకా వాడుకలో ఉంది. నమాజు వేళలు తప్పించి వెళ్లండి, శుక్రవారం మధ్యాహ్నం అసలొద్దు. తల మీద కొంగు వేసుకుని, వాకిట్లో పెద్దాయన ఎవరన్నా ఉంటే అడిగి, ఆయన ఎంతవరకు అంటే అంతవరకే. నేను అడిగినప్పుడెప్పుడూ కసురుకున్నవాళ్లు లేరు. ఒకసారైతే కుర్చీ వేసి మంచినీళ్లిచ్చారు.

పదిన్నర దాటాక మ్యూజియం. రాళ్లబండి సుబ్బారావు గారి పేరు మీద ఉన్న ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాల, గోదావరి గట్టున. సెలవు రోజు ఏదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి, మూసిన గేటు ముందు ఫొటో దిగి వచ్చినవాళ్లు నా శిష్యుల్లోనే ముగ్గురున్నారు. మీ రోజులో ఎక్కువసేపు ఇక్కడ ఉండండి. గంటన్నర. చాలామంది పావుగంటలో "రాళ్లేగా" అని బయటికొచ్చేస్తారు.

ఎలా చూడాలో చెబుతాను. ముందు అన్నీ ఒక చుట్టు చుట్టేయండి. తర్వాత శాసనం ఉన్న రాయి ఒక్కటి ఎంచుకోండి, బాగా అరిగిపోనిది. చేత్తో తాకొద్దు. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి నిలబడండి, వెలుతురు ఏటవాలుగా పడి అక్షరం గుంటలు నల్లగా తేలతాయి. మొదట ఏమీ అర్థం కాదు, జిలేబీలు పోసినట్టుంటుంది. అప్పుడు "గ" వెతకండి. కమాను వాకిలిలా ఉంటుంది, సులువుగా దొరుకుతుంది. తర్వాత "ర", గుండ్రంగా సున్నాకి దగ్గరగా. తర్వాత "న". నాలుగైదు అక్షరాలు దొరికాక ఎక్కడో ఓ చిన్న మాట చప్పున విడివడుతుంది. ఆ క్షణం కోసమే నేను ఇప్పటికీ వెళ్తుంటాను. ఇద్దరూ పందెం వేసుకోండి, ముందు మాట పట్టినవాళ్లకి రెండో రోజ్ మిల్క్.

నాణేలున్న అరల దగ్గర వరాహం గుర్తు కోసం చూడండి. పంది బొమ్మ చాళుక్యుల ముద్ర, మన "వరహా" అన్న మాట దాన్నుంచి వచ్చిందే. ఈ రాజుదీ, ఈయన పెదతండ్రి శక్తివర్మదీ బంగారు నాణేలు ఎక్కడో బర్మా తీరంలో అరకాన్ వైపు దీవిలో బయటపడ్డాయి. మన రేవుల నుంచి ఓడలు అంతదూరం పోయేవన్నమాట.

మధ్యాహ్నం భోజనానికి ఎక్కడన్నా శుభ్రంగా ఉన్న మెస్సులో కూర్చోండి. పులస జోలికి పోకండి. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, హోటల్లో తినమనలేదు. ఓసారి చుట్టాలొచ్చారని ఓ హోటల్లో పులస పులుసు చెప్పి, ఆ బిల్లు చూసి చుట్టాలే సిగ్గుపడ్డారు. తీరా అది ఏటికి ఎదురీదని సముద్రపు ఇలస. మా ఆవిడ మొదటి ముద్దకే పట్టేసింది, పెద్దమనిషి తరహాలో ఆఖరి ముద్దదాకా ఊరుకుంది. వరదనీళ్లొచ్చే రోజుల్లో మీ ఊళ్లోనే తెలిసిన పల్లెకారుల దగ్గర కొనుక్కోవడం నయం.

ఆడవాళ్ల అవసరం ఒకటి, మగవాళ్ల జాబితాల్లో ఉండదు కాబట్టి చెబుతున్నా: పాత ఊళ్లో బాత్రూమ్ దొరకడం కష్టం. మ్యూజియంలో ఉన్నప్పుడో భోజనాల హోటల్లోనో అవసరం తీర్చుకోండి, ఘాట్ల దాకా ఆగొద్దు.

భోజనం అయ్యాక రెండున్నర దాకా ఎండకి నీడ కావాలి. దామెర్ల రామారావు చిత్రశాల ఉంది, లేదా గౌతమీ గ్రంథాలయం. రెండూ కాదు, ఏదో ఒకటి. దామెర్ల 1897లో పుట్టి 1925లోనే పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే. ఆ గోడల మీద ఆడవాళ్ల బొమ్మల్లో మన గోదావరి ఇళ్ల అరుగులూ నడకలూ ఉంటాయి. అది మధ్యయుగం కాదు కదా అంటారేమో. కాదు, కానీ ఎండ కూడా మధ్యయుగానిది కాదు కదమ్మా. గౌతమీ గ్రంథాలయం 1898 నాటిది, తాళపత్రాలున్నాయి. మీవారికి పుస్తకాలంటే విసుగైతే చిత్రశాలే మేలు.

వీరేశలింగం గారి ఇల్లు కూడా పాత ఊళ్లోనే. దారిలో తగిలితే లోపలికి తొంగి చూడండి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించింది ఈ ఊళ్లోనే. ఆయన కాలం మీరు అడిగినదానికన్నా ఎనిమిది వందల ఏళ్లు ఇవతలిది, అందుకే పొడిగించను.

శ్రీనాథుడి గురించి ఒక్క మాట. నన్నయ ఒక్కణ్ణే తలుచుకుని వెళ్లిపోతారు గానీ, రెడ్డిరాజుల రోజుల్లో, పదిహేనో శతాబ్దంలో, శ్రీనాథుడు ఈ ఊళ్లోనే ఉన్నాడు. కాశీఖండం వీరభద్రారెడ్డికి అంకితం. ద్రాక్షారామం మీద ఆయన రాసిన పురాణం చదివితే ద్రాక్షారామం కూడా ఈ రోజే చూసేయాలనిపిస్తుంది. వద్దు. నిరుడు కార్తీకంలో ఓ జంట ఇలాగే నాతో మాట్లాడి, సరేనని తలూపి, చివరికి ఫోన్‌లో పద్నాలుగు చోట్లు రాసుకుని వచ్చారు. రాజమండ్రి, ద్రాక్షారామం, సామర్లకోట, కడియం నర్సరీలు, అన్నీ. సాయంత్రం ఫోన్ చేసి "సార్, తొమ్మిది చూశాం" అన్నాడు. వెనక నుంచి ఆ అమ్మాయి "తొమ్మిది గేట్లు చూశాం" అంది. ద్రాక్షారామం మీకు ఇంటిదగ్గరే, గోడల నిండా వందల శాసనాలు. మ్యూజియంలో అక్షరాలు పట్టడం వచ్చాక ఇంకో ఆదివారం అక్కడికి వెళ్లండి, అప్పుడు ఆ గోడలు వేరేగా కనబడతాయి.

నాలుగింటికి ఊరు వదిలేయండి. ఇక్కడ ఓ సంగతి తేల్చుకోవాలి. సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతి ఉంటుంది. అది చూస్తే ఎనిమిదికి ఇంట్లో ఉండలేరు. నన్నడిగితే హారతి వదిలేసి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా రండి. ముందు కాటన్ మ్యూజియం ఓ అరగంట. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట కథ అక్కడుంటుంది. ఇప్పుడు మీరు దాటేది దాని తర్వాత కట్టిన బ్యారేజీ. మన డెల్టా కాలవలన్నిటికీ నీళ్లు ఇక్కడి నుంచే కాబట్టి, మీ పుట్టింటి పొలం గట్టు దాకా వచ్చే నీళ్ల తలుపులు చూసినట్టవుతుంది. బ్యారేజీ మీద అయిదుంబావుకి ఉంటే శీతాకాలంలో పొద్దు కుంకడం చూస్తారు. అక్కడి నుంచి బొబ్బర్లంక, ఆత్రేయపురం, రావులపాలెం. ఆత్రేయపురంలో పూతరేకులు బాబుకీ అమ్మకీ. నెయ్యి వాసన చూసి కొనండి, పెట్టె బొమ్మ చూసి కాదు.

కాలవగట్టు దారి చీకట్లో జాగ్రత్త. కోతల రోజులైతే రోడ్డు మీద ధాన్యం రాశులు, వాటికి అడ్డంగా రాళ్లు, లైటు లేని ట్రాక్టర్లు. పురుగులు కళ్లల్లో పడతాయి, హెల్మెట్ అద్దం దించుకోమనండి మీవారిని. చీకటి పడిపోయిందనుకుంటే బ్యారేజీ మోజు వదులుకుని హైవే పట్టండి.

ఎప్పుడు వెళ్లాలంటే దీపావళి దాటాక శివరాత్రి లోపు. కార్తీకంలో సోమవారాలూ ఆదివారాలూ రేవుల్లో కాలు పెట్టే సందుండదు, మామూలు రోజు చూసుకోండి. ఆగస్టులో వరద ఉంటే, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఎగరేశారంటే, మెట్ల మీద కూర్చోవడం కుదరదు, బయల్దేరొద్దు.

రోజ్ మిల్క్ మెయిన్ రోడ్డు చుట్టుపక్కల దొరుకుతుంది. చిన్న కొట్టు, జనం నిలబడే తాగుతుంటారు, చూస్తే తెలిసిపోతుంది. మ్యూజియం నుంచి వచ్చాకే తాగండి, ముందు తాగితే పందేనికి ఏం మిగలదు. మీ ఇద్దర్లో ఎవరు గెలిచారో ఇక్కడే రాయమ్మా.